మాట లేని ఎనిమిది నెలలు

పెళ్లికి ముందే నా భర్త గొంతు నాకు తెలుసు. మనిషిని మాత్రం సరిగా చూసింది లేదు.

నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది అది. ఎల్లారెడ్డి పక్కన ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల. కామారెడ్డిలో అద్దె గదిలో ఉంటూ రోజూ పొద్దున ఏడున్నర బస్సుకు వెళ్లేదాన్ని. ముందు సీట్లలో ఆడవాళ్లం ఇరుక్కుని కూర్చునేవాళ్లం. మా ఒళ్లో ఎవరివో సంచులు, ఎవరి పిల్లలో. నిలబడ్డవాళ్ల సందులోంచి కండక్టరు చెయ్యి వచ్చేది, పాసు చూసి వెనక్కి పోయేది. గొంతు మాత్రం బస్సంతా ఉండేది. కునికే ముసలమ్మను ఊరు రాకముందే లేపేది. తాగి ఎక్కినవాణ్ని తిట్టకుండానే ఒక మూల కూర్చోబెట్టేది. "లింగంపేటోళ్లు లేవుండ్రి, మీ ఊరు మీ కోసం ఆగదు" అంటే నిలబడ్డవాళ్లు కూడా నవ్వేవాళ్లు. చలికాలం పొద్దుల్లో అద్దాలన్నీ మూసేసి బస్సు అడవి దారిన పోతుంటే, కళ్లు మూసుకుని ఆ మాటలు వింటూ కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది. చాలామంది అలాగే వినేవారని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా ఊరికి, గాంధారి వైపు, పెళ్లిచూపులకు ఎవరో వస్తున్నారని మా బాపు చెప్పాడు. ఎల్లారెడ్డి వాళ్లట, బస్సు డిపోలో ఉద్యోగమట. నేను వంటింట్లో చాయ్ వడగడుతున్నాను. వాకిట్లో ఎవరో చెప్పులు విడుస్తూ మా బాపుతో ఎండల గురించి ఏదో అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది. "ఏడున్నర బస్సాయన" అన్నాను అమ్మతో. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంబంధం తనే కదిలించాడని పెళ్లయ్యాక తెలిసింది. నేను ఆయన మొహం చూడకపోయినా, ఆయన రోజూ నా పాసు మీది ఫోటో చూస్తూనే ఉన్నాడట.

కామారెడ్డిలో రైల్వే గేటు అవతల రెండు గదుల ఇంట్లో మా కాపురం మొదలైంది. ఇద్దరం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. అన్నం ముందు కూర్చున్నాక ఆ రోజు బస్సు మొత్తం మా ఇంట్లోకి ఎక్కేది. మేకపిల్లకు టికెట్ ఎందుకని కొట్లాడిన తాత. అత్తగారింటికి పోతూ దారంతా ఏడ్చి, ఎల్లారెడ్డి రాగానే మొహం తుడుచుకుని నవ్వుతూ దిగిన కొత్త పెళ్లికూతురు. నిజాంసాగర్ చేపల్ని నీళ్ల డబ్బాలో తెచ్చి, మలుపులో బస్సంతా ఒలకబోసినాయన. ఒక్కొక్కరి గొంతూ ఆయన గొంతులోంచి వచ్చేది. మా ఇంట్లో మాటలన్నీ ఆయనవి, ఊఁ కొట్టడం నాది. రోజంతా తరగతిలో అరిచి వచ్చేదాన్ని కాబట్టి నాకదే హాయిగా ఉండేది. బిడ్డ పుట్టాక అది కూడా నా పక్కన చేరి వినేది. ఐదో తరగతి అయ్యాక దాన్ని గురుకులం హాస్టల్లో చేర్చినప్పుడు, ఇంటి మీదకన్నా ఆ కథల మీదే దానికి ఎక్కువ బెంగ.

అలా పద్నాలుగేళ్లు గడిచాయి. ఒక చలికాలం చివర్లో ఆయనకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మాత్రలు మింగి డ్యూటీకి పోయాడు. నాలుగో రోజు బస్టాండులో బెంచీ మీద కూర్చున్నవాడు లేవలేకపోయాడు. ఆయనతో ఏళ్లుగా ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరు, మేం అన్న అని పిలిచే మనిషి, చేతుల మీద ఎత్తుకుని ఆస్పత్రికి తెచ్చాడు. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకూ పట్టిందన్నారు. కామారెడ్డి నుంచి హైదరాబాదు పంపారు. అక్కడ చేర్చిన కొన్ని గంటలకే నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు.

పదిహేడు రోజులు ఆ గొట్టంతోనే ఉన్నాడు. రోజుకు రెండుసార్లు, ఒక్కరినే లోపలికి పంపేవాళ్లు. మిషను ఊదినప్పుడల్లా ఆయన రొమ్ము లేచేది, దిగేది. మత్తులో ఉన్న మనిషికి వినపడుతుందో లేదో తెలియదు గానీ, మాట్లాడమని నర్సు చెప్పింది. నాకు మాట్లాడటం రాలేదు. పద్నాలుగేళ్లు ఊఁ కొట్టినదాన్ని. చివరికి బడిలో పిల్లల హాజరు పిలిచినట్టు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా బస్సు ఆగే ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పి బయటికి వచ్చేదాన్ని. డ్రైవరన్న సెలవు పెట్టి నాతో బయట కూర్చున్నాడు.

పద్దెనిమిదో రోజు గొట్టం తీశారు. బతికాడు. ఆ మాట ఒక్కటే మాకు వినిపించింది, తర్వాత డాక్టర్లు చెప్పిన జాగ్రత్తలేవీ చెవికెక్కలేదు. గొంతు బొంగురుపోయి, మాట గుసగుసలా వస్తోంది. కొన్నాళ్లకు సర్దుకుంటుందన్నారు. ఇంటికొచ్చిన వారంలో సగం డిపో మా ఇంటికొచ్చింది. ఎవరో పండ్లు, ఎవరో నాటుకోడి. ఆయన మంచం మీద కూర్చుని, ఆ బొంగురు గొంతుతోనే ఆస్పత్రి కథలు మొదలుపెట్టాడు. ఐసీయూలో తనకేమీ తెలియదు కాబట్టి, బయటి వార్డు కథలే చెప్పాడు.

మూడు వారాలు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తెస్తానని మెట్లెక్కి, మధ్యలో కూర్చుండిపోయాడు. నీళ్లు అయిపోయిన బోరు గాలి లాగినట్టు ఒక చప్పుడు ఆయన గొంతులోంచి వచ్చింది. కాసేపటికి తగ్గింది. మర్నాడు నాలుగడుగులు వేగంగా వేస్తే మళ్లీ వచ్చింది. వారం తిరిగేసరికి అన్నం తింటున్నప్పుడు కూడా వినపడసాగింది.

చూపిస్తే ఆస్తమా అన్నారు. పీల్చుకునే మందు ఇచ్చారు. తగ్గకపోతే నెబ్యులైజరు పెట్టారు. న్యుమోనియా వచ్చిపోయిన ఊపిరితిత్తులు కుదుటపడటానికి టైం పడుతుందని, భయపడొద్దని చెప్పారు. డాక్టరు మంచివాడే, వాకిలి నిండా రోగులు ఉన్నారు. కానీ నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు.

ఎందుకంటే మా బాపుకు దమ్ము, అంటే ఆస్తమా, ఉండేది. నేను దమ్ము చప్పుడు వింటూ పెరిగినదాన్ని. చిన్నప్పుడు చలికాలమంతా బాపు పక్కన గొంగడిలో పడుకుంటే, ఆయన రొమ్ములో పిల్లనగ్రోవులు ఊదినట్టుండేది. గాలి తీసుకోవడం సులువే, వదలడానికే ఆయన కష్టపడేవాడు. ఈల వచ్చేది కూడా వదిలేటప్పుడే. ఆ ఈల సన్నగా మొదలవగానే అమ్మను లేపి వేడినీళ్లు పెట్టించడం నా పని. బాపు పోయి చాలా ఏళ్లయింది, అయినా ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. నా భర్తది అది కాదు. ఈయనకు గాలి తీసుకునేటప్పుడే చప్పుడు. అది రొమ్ములోంచి కాదు, మెడలోంచి వస్తోంది. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరుకు చెప్పాను. ఆయన విని, మందు డోసు పెంచాడు.

మళ్లీ మూడు రోజులు చూశాను. ఆయన మాట రెండు ముక్కలకు తగ్గింది. "సగం గ్లాసే ఇస్తున్నట్టు ఉంది గాలి" అన్నాడు ఒకసారి. నాలుగో రోజు బడికి సెలవు పెట్టి, కామారెడ్డిలోనే పాత బజారు వైపు ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉన్నాడంటే తీసుకెళ్లాను. పెద్దాయన. కౌంటర్లో కూడా ఎవరూ లేరు. ఆయన ఏ పరీక్షా రాయలేదు. న్యుమోనియా, వెంటిలేటరు సంగతి విని, లేచి ఫ్యాను బంద్ చేశాడు. కిటికీ మూశాడు. కళ్లు మూసుకుని మా ఆయన ఊపిరి చాలాసేపు విన్నాడు. తర్వాత స్టెతస్కోపు మెడ మీద పెట్టాడు.

"ఎన్ని రోజులు గొట్టం మీద ఉన్నడు?"

"పదిహేడు రోజులు" అన్నాను. నాకు తెలిసిన దమ్ము చప్పుడుకూ దీనికీ ఉన్న తేడా కూడా చెప్పాను. ఆయన తలూపాడు.

"నువ్వు చెప్పిందే కరెక్టు. ఇది ఊపిరితిత్తులది కాదమ్మా. గొంతుల గాలి పోయే గొట్టమే ఇరుకైంది. ఇయ్యాల్నే హైదరాబాదు పోండ్రి, రేపు అనకుండ్రి."

ఆయనే ఫోన్ చేసి ఆక్సిజన్ ఉన్న అంబులెన్సు పిలిపించాడు. ఎక్కేదాకా బయట ఎండలో మాతో నిలబడ్డాడు.

హైదరాబాదులో సన్న కెమెరా గొంతులోకి దింపి చూశారు. సర్జనమ్మ ఆ బొమ్మ నాకు చూపించింది. బొటనవేలంత ఉండాల్సిన దారి పెన్సిల్ కూడా పట్టనంత సన్నగా ఉంది. వెంటిలేటరు గొట్టం జారకుండా దాని చుట్టూ ఒక చిన్న బుడగ ఉంటుందట. అది రోజుల తరబడి లోపలి గోడను ఒత్తితే పుండు పడుతుంది. మనిషి ఇంటికొచ్చాక ఆ పుండు మానుతుంది, మానుతూ మానుతూ దారిని ముడిచేస్తుంది. కాలిన చోట తోలు ముడుచుకుపోయినట్టే అని చెప్పింది. బతికించిన గొట్టమే ఇలా చేసిందా అని అడిగాను. "అది లేకపోతే ఆయన ఇక్కడిదాకా వచ్చేవారు కాదు కదమ్మా" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. నేనింకెప్పుడూ ఆ గొట్టాన్ని తిట్టుకోలేదు.

ముందు ఊపిరి ఆడాలి కాబట్టి, ఇరుకు చోటుకు కింద మెడ మీద రంధ్రం చేసి ట్యూబు పెడతామన్నారు. స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని "బిడ్డకు చెప్పకు" అన్నాడు. పాత గొంతులో మిగిలిన చివరి మాట అదే అవుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మెలకువ వచ్చాక పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. మెడలో తెల్లటి ట్యూబు, చుట్టూ పట్టీ. గాలి అంతా ఆ రంధ్రంలోంచే పోయి వస్తుంది కాబట్టి గొంతు దాకా చేరదు, మాట రాదు అని వాళ్లు ముందే చెప్పారు. నేను విన్నాను కానీ మనసుకు పట్టలేదు. కొందరు రంధ్రాన్ని వేలితో మూసుకుని మాట్లాడగలుగుతారట. ఈయనకు పైదారి మూసుకుపోయింది కాబట్టి అదీ కుదరదు. నేను ఏడుస్తుంటే ఆయన రాస్తానని సైగ చేశాడు. నా సంచిలో పిల్లల కాపీ పుస్తకం ఒకటి ఉంటే ఇచ్చాను. రెండు మాటలు రాసి నా వైపు తిప్పాడు.

"గాలి వస్తుంది."

చూస్తే నిజంగానే మొహం మీద ఆ గాబరా లేదు. రెండు నెలల తర్వాత ఆయన మొహం మామూలుగా ఉంది. నేను ఏడుపు ఆపి నవ్వాను.

ఇరుకును బుడగతో సాగదీసి చూశారు. నెల తిరగకముందే మళ్లీ ముడుచుకుంది. ఇక ఆ ముక్కను కోసి తీసేసి, రెండు కొసలనూ కలిపి కుట్టడమే దారి అన్నారు. కానీ లోపలి వాపు తగ్గాలి, ఆయన కాస్త ఒళ్లు చెయ్యాలి. అప్పటిదాకా ట్యూబుతోనే ఇంట్లో ఉండాలి. నర్సు నాకు మూడు రోజులు పని నేర్పింది. సన్నటి గొట్టంతో కఫం లాగేయడం, ట్యూబు లోపల ఉండే ఇంకో చిన్న ట్యూబును తీసి కడిగి మళ్లీ పెట్టడం, రంధ్రం చుట్టూ తుడవడం, గాలి పొడిగా పోకుండా తడి గుడ్డ కట్టడం.  అప్పటిదాకా నా చేతిలో చాక్‌పీసు తప్ప ఇంకేదీ నిలవదనుకునేదాన్ని.

నేను బడికి పోతే పగలు ఆయన దగ్గర మనిషి ఉండాలని, కామారెడ్డి ఇల్లు మూసి ఎల్లారెడ్డిలో మా అత్తమ్మ దగ్గరికి చేరాం. ఎండాకాలం, యాసంగి పంట కోతల రోజులు. ఊరి దారులన్నీ వడ్లు ఆరబోశారు. కోత మిషన్ల దుమ్ము ఇంట్లోకి వచ్చేది. ఆ దుమ్ము ముక్కు దాటకుండా నేరుగా లోపలికి పోతుంది కాబట్టి, కిటికీలకు తడిపిన చీరలు కట్టాను. గడ్డి వాసన, తడి నూలు వాసన కలిసి ఒక రకంగా ఉండేది. ఇప్పుడు కూడా ఎవరింట్లోనైనా తడి చీర ఆరేస్తే నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది.

అత్తమ్మ కొడుకును ఎంతో ప్రేమగా చూసుకునేది, మెడ వైపు మాత్రం చూసేది కాదు. నేను ట్యూబు కడిగేటప్పుడు లేచి పెరట్లోకి పోయేది. అన్నం పెట్టేటప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకునేది. ఆయనకు అది తెలుసు. ఆమె దగ్గరికి వస్తే తువ్వాలు మెడకు చుట్టుకునేవాడు.

పిలవడానికి గొంతు లేదు కాబట్టి ఆయన మంచం పట్టెను స్టీలు గ్లాసుతో కొట్టేవాడు. బస్సులో కండక్టరు గంట లెక్కే. ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే రైట్. ఇల్లంతా ఆ లెక్కకు అలవాటు పడింది. ఒకటి అంటే వద్దు, రెండు అంటే సరే. చిన్నగా చాలాసార్లు కొడితే కఫం లాగాలి. బిడ్డకు విషయం ఎక్కువ రోజులు దాచలేకపోయాను. ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు మెల్లగా చెప్పాను. కాసేపు ఏడ్చింది. తర్వాత ఫోను ఆయన చెవి దగ్గర పెట్టమంది. "డాడీ, నేను అడుగుతా, నువ్వు కొట్టు" అంది. అన్నం తిన్నావా, రెండు. నొప్పి ఉందా, ఒకటి. అమ్మ తిడుతోందా, రెండు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఆయన అబద్ధం కొట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం తండ్రీ బిడ్డల మాటలు అలాగే నడిచాయి.

ఆయన పుస్తకంలో రాసేవాడు గానీ, రాత ఆయనకు ఇష్టం లేదు. మాటల్లో గంటసేపు సాగే కథ కాగితం మీద ఒక్క వాక్యానికి కుంచించుకుపోయేది. విసుగొచ్చి పెన్ను పక్కన పడేసేవాడు. ఒక సాయంత్రం ఆయన మరీ దిగులుగా ఉంటే, నేను ఊరకే బడి సంగతి ఒకటి చెప్పాను. మధ్యాహ్న భోజనంలో ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చిన రోజు ఒక చిన్నది దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి, దానిమీద కోడిని పొదగెయ్యాలని చూసిందట. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు లేని ఆ నవ్వు నేను మొదటిసారి చూశాను. మర్నాడు బడి నుంచి రాగానే గ్లాసుతో రెండుసార్లు కొట్టాడు. చెప్పు అని.

అలా మొదలైంది. తరగతిలో ఏం జరిగినా, ఇది సాయంత్రం చెప్పాలి అని దాచుకునేదాన్ని. షేరింగ్ ఆటోలో విన్నవి కూడా మోసుకొచ్చేదాన్ని. ఎవరి యాస ఎలా ఉందో పట్టి చూపించాలని ప్రయత్నించేదాన్ని, రాకపోయేది. ఆయన ఒకటి కొట్టి, పెదవులతో సరిచేసేవాడు. ఆయన పెదవులు చదవడం నాకు అప్పటికి వచ్చేసింది. నేను అంత మాట్లాడగలనని నాకే తెలియదు. నా కథలకు ఊఁ కొట్టేవాళ్లు కూడా అంతకుముందు ఎవరూ లేరు. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే భయపడ్డ రోజులు చాలానే గుర్తొస్తాయి. కానీ ముందు గుర్తొచ్చేది ఆ సాయంత్రాలే. పెరట్లో కానుగ చెట్టు కింద నులక మంచం, తడి గుడ్డ మీదుగా ఆయన ఊపిరి చప్పుడు, నా వాగుడు.

బడులు మళ్లీ తెరిచిన వారంలో, మధ్యాహ్నం పెద్ద గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. నేను బడిలో ఉన్నాను. ఇంట్లో అత్తమ్మ, ఆయన. దుమ్ముకు లోపల కఫం ఎండి ట్యూబు మూసుకుపోయింది. గ్లాసు గబగబా కొట్టాడట. అత్తమ్మ వచ్చేసరికి పెదవులు నల్లబడుతున్నాయి. కఫం లాగే సక్షన్ మిషను నడవదు. ఆయన చేత్తో మెడ వైపు చూపిస్తున్నాడు గానీ వేళ్లు పట్టు తప్పుతున్నాయి. అన్నాళ్లుగా ఆ వైపు చూడని మనిషి అప్పుడు చూసింది. నర్సు నేర్పిన వరస నేను పైకి చెప్పుకుంటూ చేసేటప్పుడు పెరటి గడపలో నిలబడి చెవులతో విన్నదంతా ఆమెకు గుర్తుందట. ఎడమ చేత్తో బయటి ట్యూబును కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో లోపలి ట్యూబును తిప్పి లాగేసింది. కఫం గడ్డ దాంతోపాటే వచ్చింది. గాలి ఆడింది.

పక్కింటాయన ఫోన్ చేస్తే నేను పరుగున వచ్చాను. అప్పటికే ఆమె ఆ చిన్న ట్యూబును కాగిన నీళ్లలో కడిగి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టి, దాని ముందు కూర్చుని ఉంది. ఆయన నిద్రపోతున్నాడు.

"మళ్ల పెట్టుడు నాకు రాదు బిడ్డా" అంది. "నువ్వు పెట్టేటప్పుడు చూస్త. నేర్పు."

ఆ రోజు నుంచి పగటిపూట పని మొత్తం ఆమెదే. ఆయన తువ్వాలు చుట్టుకోవడం మానేశాడు.

వానాకాలం మంచిగా కురిసి మంజీర నిండింది. నిజాంసాగర్ గేట్లు ఎత్తారని ఊరంతా పోతోంది. ఆయన చిన్నప్పటి నుంచి ఏటా చూసే మనిషి. వెళ్దామని కాపీ పుస్తకంలో రాసి నా ముందు పెట్టాడు. నేను వద్దన్నాను. నీళ్ల తుంపర రంధ్రంలోకి పోతే ప్రమాదం. ఆయన గ్లాసు తీసుకుని రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు, ఆపకుండా కొట్టాడు. అత్తమ్మ విసుక్కుని, "తీస్కపో వాణ్ని, నా తల పగులుతుంది" అంది. డ్రైవరన్నకు ఆ రోజు సెలవు. ఆయనే ఆటో మాట్లాడాడు. కఫం లాగడానికి చేత్తో నొక్కే పంపు ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరాం.

తుంపర పడని చోట, దూరంగా నిలబెట్టాను. అయినా నీళ్ల హోరుకు నేల అదురుతోంది. వందల మంది జనం. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. ఒకాయన భార్యను పిలుస్తూ చేతులు ఊపుతున్నాడు. మక్క కంకులు అమ్మే ఆమె వేళ్లు చూపించి ధర చెబుతోంది. పోలీసాయన ఈల ఊదీ ఊదీ మానేసి, చేతులతోనే జనాన్ని వెనక్కి తోస్తున్నాడు. డ్రైవరన్న నా చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అరిచాడు, నాకు తెలియలేదు. మా ఆయన అందరినీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగి పెదవులతో, తొందర లేకుండా, ఒక్కొక్క మాటా కదిలించి అన్నాడు. ఆ గుంపులో అవతలి మనిషి చెప్పింది పూర్తిగా అర్థమైనది నాకొక్కదానికే అనుకుంటాను.

"ఈడ అందరు నా లెక్కనే ఉన్నరు."

చాలాసేపు నిలబడ్డాం. కంకులు తిని, పొద్దు గుంకకముందే ఇల్లు చేరాం.

కార్తీక మాసంలో పెద్ద ఆపరేషన్ చేశారు. ముడుచుకున్న ముక్కను కోసి తీసి, గాలి గొట్టాన్ని మళ్లీ అతికించారు. కుట్ల మీద లాగుడు పడకూడదని గడ్డాన్ని రొమ్ముకు కలిపి కుట్టేశారు. పది రోజులు తల ఎత్తకూడదు.  పది రోజులూ ఆయన నేల చూపులతోనే గడిపాడు. నేను మంచం పక్కన కింద కూర్చుంటే తప్ప ఆయనకు నా మొహం కనపడదు. అందుకని కిందే కూర్చున్నాను. అన్నం అక్కడే తిన్నాను, పిల్లల పరీక్ష పేపర్లు అక్కడే దిద్దాను.

కుట్లు విప్పాక, కెమెరాతో చూసి దారి బాగుందని మెడలోని ట్యూబు తీసి రంధ్రం మీద పట్టీ వేశారు. మాట్లాడమని సర్జనమ్మ చెప్పింది. ఆయన మా ఇద్దరి వైపూ చూశాడు.  ఎనిమిది నెలల తర్వాత నోరు తెరిచిన మనిషి "జర నీళ్లియ్యి" అన్నాడు.

అది ఆయన గొంతు కాదు. బరువుగా, గరుకుగా, లోతులోంచి వచ్చే ఎవరిదో గొంతు. లోపల మాట పలికించే రెండు తెరల్లో ఒకటి సరిగా కదలడం లేదని, ఇంతకన్నా పెద్దగా రాకపోవచ్చని చెప్పారు. ఊపిరికి ఢోకా లేదు కదా అన్నాడు ఆయన. లేదన్నారు. నీళ్లు తాగి పడుకున్నాడు. నేను వరండాలోకి పోయి అత్తమ్మకు ఫోన్ చేశాను. మాట వచ్చిందని చెప్పాను, ఎలాంటి మాటో చెప్పలేదు. ఇంటికి వెళ్లాక ఆమె విన్నది. "మీ నాయన గొంతు గిట్లనే ఉండె" అని మాత్రం అంది.

కామారెడ్డి ఇల్లు మళ్లీ తెరిచాం, బస్సు మీద అరిచే పని మాత్రం ఆయనకు ఇక కుదరలేదు. డిపోలో కండక్టర్లకు పొద్దున టికెట్ మిషన్లు ఇచ్చి, సాయంత్రం తీసుకునే పని ఇచ్చారు. మొదట్లో బస్టాండు మీదుగా నడవలేకపోయేవాడు, చుట్టు తిరిగి వెనక గేటు నుంచి పోయేవాడు. ఏడాదికి అదీ సర్దుకుంది. ఇప్పుడు చిన్న కండక్టర్లు సాయంత్రం మిషను అప్పజెప్పి ఊరకే పోరు, ఆ రోజు బస్సులో ఏం జరిగిందో ఆయన కిటికీ దగ్గర చెప్పి పోతారు. ఆయన వింటాడు. ఇంటికొచ్చి ఆ కథలు చెప్తాడు, గరుకు గొంతుతో, మునుపటి కన్నా నెమ్మదిగా. మధ్యలో ఆగితే నేనందుకుంటాను. బిడ్డ సెలవులకు వస్తే ముగ్గురం ఒకేసారి మాట్లాడుతాం, వినేవాళ్లు ఉండరు. పాత గొంతు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. ఏడున్నర బస్సు ఎక్కినప్పుడు మరీ. కొత్త కండక్టరు మంచివాడే, మాట మాత్రం తక్కువ.

ఏటా ఒకసారి హైదరాబాదు వెళ్లి కెమెరా పెట్టించుకుని వస్తాం. మెడ మీద చిన్న గాటు మిగిలింది. జలుబు చేస్తే ఇంట్లో అందరం ఆయన ఊపిరి వైపు చెవి పెడతాం, అది పోయే అలవాటు కాదు.

వెంటిలేటరు మీద ఉన్న ఆ పదిహేడు రోజులు ఆయనకు ఇప్పటికీ ఒక్క ముక్క గుర్తులేదు. అప్పుడప్పుడు అడుగుతాడు, నేను చెప్తాను. ఎవరో పరాయి మనిషి సంగతి విన్నట్టు వింటాడు. మొన్న ఆదివారం ఇద్దరం చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చున్నప్పుడు, ఎప్పుడూ అడగనిది అడిగాడు. "అన్ని రోజులు నువ్వేం తిన్నవ్?"

ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అప్పటి డాక్టర్ల మొహాలు, గోడ మీది గడియారం, కుర్చీల రంగు అన్నీ గుర్తున్నాయి. తిండి మాత్రం గుర్తులేదు. ఆయన ఊరుకోక డ్రైవరన్నకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అన్నకు అంతా గుర్తుంది. గేటు ముందు బండి మీద ఇడ్లీ తెచ్చేవాడట, రెండు పూటలా. చట్నీ కారంగా ఉందని రోజూ వంక పెట్టేదాన్నట, రోజూ తినేదాన్నట. పన్నెండో రోజు ఇడ్లీ వద్దు, ఇంకేమైనా తెమ్మన్నానట. అన్న ఊరంతా తిరిగి ఉప్మా తెచ్చాడట. అది చూసి నేను ఇడ్లీయే నయం అన్నానట.

ఫోను అటు అన్న, ఇటు మేం, చాలాసేపు నవ్వాం.